సత్తిరాజు మాస్టారి ఒకే ఒక్క ప్రశ్న

సత్తిరాజు మాస్టారికి ప్రపంచంలో ఏ కట్టడాన్ని చూపించినా, దాన్ని ఎంత గొప్పగా వర్ణించినా, ఆయన నోటి నుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే.

"బాగుందండి. మరి కట్టినవాళ్ళకి అన్నం ఎవరు వండేరు?"

వేళాకోళానికి అడిగేవారు కాదు. కళ్ళజోడు సర్దుకుని, పెళ్ళి సంబంధం గురించి వాకబు చేస్తున్నంత గంభీరంగా అడిగేవారు. జవాబు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదిలేవారు కాదు. ఉప్పలగుప్తం మండలంలో సూరమ్మపాలెం హైస్కూలులో ఆయన సోషల్ మాస్టారు. ఆ ఊళ్ళో చదువుకున్న ఎవరినైనా లేపి అశోకుడి గురించి అడగండి, తడుముకుంటారు. అశోకుడి స్తంభాలు మోసుకెళ్ళిన కూలీల భోజనం గురించి అడగండి, గడగడా చెబుతారు.

ఒక ఏడాది పిల్లల్ని ధవళేశ్వరం ఆనకట్టకి తీసుకెళ్ళారు. చూపించడానికి వచ్చినాయన దాని పొడవెంతో, గేట్లెన్నో, ఎన్ని లక్షల ఎకరాలు తడుస్తున్నాయో అనర్గళంగా చెప్పుకుపోతున్నాడు. మాస్టారు పిల్లల వెనకాల నిలబడి చెయ్యెత్తారు.

"ఏవండీ, ఇక్కడ రాళ్ళు మోసినవాళ్ళు పొద్దున్న ఏం తినేవారండీ?"

ఆయన తల గోక్కున్నాడు. "అది మాకు ఇచ్చిన కాయితంలో లేదండి."

"అదేనండి లోపం," అని మాస్టారు నోటుబుక్కు తీసి ఆ లోపాన్ని తేదీతో సహా రాసుకున్నారు.

లెక్కల మాస్టారు దొరబాబు కొత్తగా మేడ కట్టుకుని గృహప్రవేశానికి పిలిచినప్పుడూ ఇంతే. వచ్చినవాళ్ళందరూ నేల మీద పరిచిన రాయిని నిమిరి నిమిరి మెచ్చుకుంటున్నారు. సత్తిరాజు మాస్టారు గదులన్నీ చూసి, మెట్లెక్కి దిగి, తన ప్రశ్న తను అడిగారు.

"ఎవరి క్యారేజీ వాళ్ళే తెచ్చుకున్నారండి," అన్నాడు దొరబాబు.

"పోనీ, ఇవాళ పిలిచేరా?"

దొరబాబు భార్య వైపు చూశాడు. ఆవిడ పురోహితుడి వైపు చూసింది. మేస్త్రీకీ, కూలీలకీ కబురు వెళ్ళి, వాళ్ళందరూ వచ్చి మొదటి బంతిలో కూర్చునేదాకా మాస్టారు విస్తరి ముందుకి రాలేదు. ఆ తరవాత ఆ ఊళ్ళో ఇల్లు కట్టుకున్న వాళ్ళెవరైనా సత్తిరాజు మాస్టారికి శుభలేఖ ఇచ్చే ముందు మేస్త్రీకి ఇచ్చి వచ్చేవారు. భక్తితో కాదు, భయంతో.

ఇలాంటి మనిషి పక్కన పనిచెయ్యవలసి వస్తుందని సత్యప్రియ కలలో కూడా అనుకోలేదు. సత్యప్రియది మండపేట. సైన్సు టీచరుగా సూరమ్మపాలెం వచ్చి ఆరు నెలలయింది. పిల్లలతో బృందాలుగా ప్రాజెక్టులు చేయించడంలో శిక్షణ పొందింది. చార్టులు గీతలు తప్పకుండా గీస్తుంది. థర్మోకోల్ ముక్కని కేకు కోసినట్టు కోస్తుంది. ఏ పనికైనా ముందు ప్రణాళిక, తరవాత పని, ఆ తరవాత నివేదిక అనేది ఆమె సిద్ధాంతం.

ఆ ఏడాది మండలంలో పరీక్ష పెట్టి, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చురుకైన పిల్లల్ని ఇరవై నలుగురిని ఎంచి ప్రతిభ క్లాసు ఏర్పాటు చేశారు. రోజూ పొద్దున్న ఏడున్నర నుంచి తొమ్మిది దాకా క్లాసు. అంశం ప్రపంచ వింతలు. పిల్లలు నాలుగు బృందాలై తలా ఒక వింత మీద ప్రాజెక్టు చెయ్యాలి. జనవరి చివర అమలాపురంలో ప్రదర్శన. దానికి సత్తిరాజు మాస్టారిని పెద్దగా, సత్యప్రియని తోడుగా వేశారు హెడ్మాస్టరు ప్రభాకరరావు గారు.

మొదటి రోజు చీటీలు తీయించింది సత్యప్రియ. ఒక బృందానికి పిరమిడ్, ఒక బృందానికి చైనా గోడ, మూడోదానికి తాజ్ మహల్, నాలుగోదానికి మాచుపిచ్చు వచ్చాయి. ఎత్తు, వెడల్పు, రాయి రకం, కట్టిన కాలం అంటూ బోర్డు మీద గళ్ళు గీసింది. గీయడం పూర్తయి వెనక్కి తిరిగేసరికి, మాస్టారు సుద్దముక్క తీసుకుని ఆ గళ్ళన్నిటికీ పైన ఇంకో గడి గీసి అందులో పెద్దక్షరాలతో రాస్తున్నారు: భోజనం.

"మాస్టారండీ, అది చివర్లో పెట్టుకుందామా?" అంది సత్యప్రియ మర్యాదగా.

"చివర్లో పెడితే చల్లారిపోతుందమ్మా," అన్నారాయన.

మర్నాడు ఏడున్నరకి ఆమె క్లాసుకి వచ్చేసరికి బల్ల మీద చార్టులు లేవు. స్టీలు బేసిన్లో నాలుగు దిబ్బరొట్టెలు, ఒక్కోటి చక్రమంత ఉన్నాయి. పక్కన తరిగిన ఉల్లిపాయలు. మాస్టారు పాఠం చెబుతున్నారు.

"పిరమిడ్ కట్టినవాళ్ళు రొట్టే ఉల్లిపాయా తినేవారని పుస్తకాల్లో రాసేరు. ఏ రొట్టో మనకి తెలీదు. తెలిసిన రొట్టెతో పరిశోధిద్దాం. రూలు జ్ఞాపకం ఉందా?"

"ఆయ్!" అన్నారు ఇరవై నలుగురూ. "తినకుండా రాస్తే పుక్కిటి పురాణం!"

"రెండో రూలు?"

"ఒక్క ముక్కతో రాయి కదలదు! రెండు తినాలి!"

పిరమిడ్ బృందం నాయకుడు వెంకటసాయిరాం అనే తొమ్మిదో తరగతి కుర్రాడు. రొట్టె తిన్న తరవాత తాపీగా లేచి, "ఇంత రొట్టె తింటే రెండు గంటలు రాయి లాగొచ్చండి, పచ్చడుంటే మూడు గంటలు లాగొచ్చండి" అని నివేదిక ఇచ్చాడు. మాస్టారు దాన్ని రికార్డు చేయించారు.

అది మొదలు. తాజ్ మహల్ పేరు చెప్పి పులగం వచ్చింది. మాచుపిచ్చు పేరు చెప్పి ఉడకబెట్టిన బంగాళాదుంపలు, మొక్కజొన్న పొత్తులు వచ్చాయి. మధ్యాహ్న భోజనం వండే అమ్మాజీ పొద్దున్నే షెడ్డు తాళం తీసి పొయ్యి వెలిగించేది. పిండీ పప్పూ మాస్టారి సైకిలు వెనకాల క్యానులో వచ్చేవి. మూడు వారాలకి సత్యప్రియ గీసిన గళ్ళలో భోజనం గడి నిండి పొర్లిపోయింది. ఎత్తు, వెడల్పు, రాయి రకం గళ్ళు ఖాళీగా ఆమె మొహం చూస్తున్నాయి.

ఆమెకి ఏడుపొచ్చినంత పనయ్యేది. ఆ పిల్లలు మామూలు పిల్లలా! తాజ్ మహల్ బృందంలో సాయిశ్రీ అని ఎనిమిదో తరగతి పిల్ల ఉంది. మూడంకెల సంఖ్యని మూడంకెల సంఖ్యతో కాయితం లేకుండా హెచ్చవేస్తుంది. అలాంటి పిల్ల చేత ఉల్లిపాయలు తరిగించడం ఏమిటి?

నాలుగో వారంలో అమలాపురం నుంచి ఒక అధికారి చెప్పకుండా వచ్చారు. ఎనిమిదింటికి ప్రతిభ క్లాసులోకి అడుగు పెట్టేసరికి, మండలంలోకెల్లా తెలివైన పిల్లలు బాసింపట్టు వేసుకుని దుంపల తొక్క తీస్తున్నారు.

"ఏం చేస్తున్నారర్రా?"

వెంకటసాయిరాం కత్తి కింద పెట్టి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా చెప్పాడు. "మాచుపిచ్చు అండి."

అధికారి వెనక్కి తిరిగారు. హెడ్మాస్టరు గదికి వెళ్ళి పావుగంట కూర్చున్నారు. బయటికి వచ్చేటప్పుడు ఆయన మొహం ఎలా ఉందో గాని, లోపల మిగిలిన ప్రభాకరరావు గారి మొహం మాత్రం ఉడికిన దుంపలాగే ఉంది. మాస్టారినీ సత్యప్రియనీ పిలిపించారు.

"మాస్టారూ, మీరు నాకంటే పెద్దవారు. కాని ప్రతిభ క్లాసంటే ప్రతిభ కనపడాలండి. తొక్కలు కాదు. రేపణ్ణుంచి క్లాసు సత్యప్రియ గారు చూసుకుంటారు. వంటా గింటా ఆపెయ్యండి."

సత్తిరాజు మాస్టారు వాదించలేదు. "ఆయ్," అన్నారు. గది తాళంచెవి జేబులోంచి తీసి సత్యప్రియ చేతిలో పెట్టారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"అమ్మా, ఎనిమిదిన్నర దాటేక ఓసారి పిల్లల మొహాలు చూస్తూండండి," అని చెప్పి వెళ్ళిపోయారు.

పాఠం నచ్చుతోందో లేదో చూడమన్నారని అనుకుంది సత్యప్రియ. ఆ రోజు ఆమెకి సంతోషంగానే ఉంది. దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషంగా ఉంది.

ఆ వారమంతా ప్రణాళిక ప్రకారం పని నడిచింది. థర్మోకోల్ గుమ్మటాలు లేచాయి. అట్టముక్కల పిరమిడ్ లేచింది. మొదటి రోజు పిల్లలు ఉత్సాహంగానే ఉన్నారు. రెండో రోజు ఒకరిద్దరు ఆవలించారు. మూడో రోజు మాచుపిచ్చు బృందంలో ఇద్దరు బల్ల మీద తలలు వాల్చేశారు. నాలుగో రోజు సాయిశ్రీని లేపి, "ఇరవై వేల మంది, ఇరవై రెండేళ్ళు. మొత్తం ఎన్ని పనిరోజులు?" అని అడిగింది. ఆ పిల్ల నిలబడి, బోర్డు వైపు చూసి, కిటికీ వైపు చూసి, "మర్చిపోయానండి" అంది.

"హెచ్చవేత మర్చిపోవడం ఏమిటి సాయిశ్రీ? శ్రద్ధ తగ్గుతోంది నీకు," అని సత్యప్రియ కోప్పడింది.

ఆ పిల్ల తలొంచుకుని కూర్చుంది. కాసేపటికి చైనా గోడ బృందంతో ఏదో గుసగుసలాడింది. బెల్లు కొట్టే ముందు ఆ బృందం నుంచి ఒకమ్మాయి లేచింది.

"టీచర్, చైనా గోడకి సున్నంలో బియ్యం జావ కలిపేరటండి. జిగురు బియ్యం. పుస్తకంలో ఉందండి. మేం కూడా జావతో ఇటుకలు అతికిద్దామండి?"

సత్యప్రియ పుస్తకం తెరిచి చూసింది. నిజమే, ఉంది. ఇది వంట కాదు, పదార్థ విజ్ఞానం. హెడ్మాస్టరు గారి మాటకీ అడ్డం కాదు. అమ్మాజీతో చెప్పి మర్నాడు పొద్దున్నకి ఒక బేసిను నిండా మెత్తగా బియ్యం ఉడికించింది. బేసిను క్లాసులో పెట్టి, సున్నం కోసం స్టోరు గదికి వెళ్ళింది. తాళం ఓ పట్టాన రాలేదు. సున్నం తీసుకుని వచ్చేసరికి పదినిమిషాలయింది.

బల్ల మీద రెండు ఇటుకలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మధ్యలో చెంచాడు జావ ఉంది. బేసిను మాత్రం కడిగినట్టు మెరుస్తోంది.

"జావ ఏదర్రా?"

"గోడకి పట్టిందండి," అన్నాడు వెంకటసాయిరాం.

"బేసినంతా?"

"ఆయ్. చాలా పట్టిందండి. పెద్ద గోడ కదండి."

ఎవరూ నవ్వలేదు. ఇరవై నలుగురూ ఆమెకేసి కాక, ఆ రెండు ఇటుకలకేసి చూస్తున్నారు. సాయిశ్రీ పెదవి చివర ఒక మెతుకు అంటుకుని ఉంది. ఉప్పు లేదు, పెరుగు లేదు. ఉత్త మెతుకు.

సత్యప్రియ సున్నం డబ్బా కింద పెట్టింది. ఆ పిల్లని వరండాలోకి పిలిచింది.

"పొద్దున్న ఏం తిని వచ్చేవమ్మా?"

"తిన్నానండి."

"ఏం తిన్నావు?"

సాయిశ్రీ ఆలోచించింది. మూడంకెల హెచ్చవేత కంటే ఎక్కువసేపు ఆలోచించింది. "అన్నీ తిన్నానండి," అంది.

ఇంకేమీ అడగలేక సత్యప్రియ వంటషెడ్డుకి వెళ్ళింది. అమ్మాజీ పప్పు ఏరుతోంది. ఆమె అడగ్గానే చేట పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"నన్నడక్కండమ్మా. మాస్టారు నా చేత ఒట్టేయించుకున్నారు."

"మాస్టారు ఇప్పుడు క్లాసులో లేరు కదా అమ్మాజీ."

అమ్మాజీ గుమ్మం వైపు ఓసారి చూసింది. "ఆళ్ళ అమ్మలు రొయ్యల కంపెనీకెళ్ళిపోతారండి. బస్సు తెల్లారగట్ల అయిదింటికే వచ్చేత్తాది. రాత్రి అన్నం మిగిల్తే పిల్లలు తింటారు, లేపోతే లేదు. మామూలు బడైతే తొమ్మిదింటికి. ఈలోగా ఎవరో ఒకరు పక్కింటోళ్ళు ఇంత పెడతారండి. ఈ క్లాసేమో ఏడున్నరకెట్టేరు. తెలివైన పిల్లలవడం వల్ల ఆళ్ళకొచ్చిన కట్టమండి ఇది."

"ఎంతమంది?"

"ఎవరెవరని మాస్టారు నాకూ చెప్పలేదండి. అందరికీ వండమన్నారు, అందరికీ వండేను."

ఆ సాయంత్రం బడి వదలగానే సత్యప్రియ మాస్టారింటికి వెళ్ళింది. కాలవ గట్టు మీద చిన్న పెంకుటిల్లు. గుమ్మంలో మాస్టారి భార్య రమణమ్మ గారు ఎదురయ్యారు. ఆవిడ వెనకాల గ్రైండరు గుడ్డ కప్పుకుని ఖాళీగా కూర్చుంది.

"రామ్మా. నువ్వేనా సత్యప్రియవి? నీ పుణ్యమా అని వారం రోజులై గ్రైండరుకి సెలవు. నెలరోజులు పప్పు నానబొయ్యడం, రుబ్బడం. ఎందుకండీ అంటే ఈజిప్టు అనేవారు. మా పుట్టింటివాళ్ళు ఫోను చేసి ఏం చేస్తున్నావే అంటే, ఈజిప్టుకి పప్పు రుబ్బుతున్నాను అని చెప్పేదాన్ని."

సత్తిరాజు మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. సత్యప్రియ మొహం చూడగానే ఆయనకి అర్థమైపోయింది.

"అమ్మాజీ చెప్పేసిందా?"

"అమ్మాజీ కాదండి. చైనా గోడ చెప్పింది," అంది సత్యప్రియ. బేసిను సంగతి వినిపించింది. మాస్టారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"నాకు చెప్పొచ్చు కదండీ మాస్టారూ! నేను ఆ పిల్లని కోప్పడ్డాను."

"చెప్పకూడదనేనమ్మా. చెప్పేనొకసారి. పదిహేనేళ్ళ కిందట ఇంకో ఊళ్ళో పనిచేసేవాణ్ణి. పొద్దున్న తినకుండా వచ్చే పిల్లలెవరో కనుక్కుని జాబితా రాసేను. తొమ్మిది పేర్లు. ఊళ్ళో ఒక పెద్దమనిషి పాపం టిఫిను పెట్టిస్తానన్నారు. మంచి మనిషే. ప్రార్థనలో ఆ తొమ్మిది పేర్లూ చదివించి ముందుకి రమ్మన్నారు. వచ్చేరు. చప్పట్లు కొట్టేరు. మర్నాడు తొమ్మిదిమందిలో ఇద్దరు బడికి రాలేదు. ఒకణ్ణి నేనెళ్ళి తీసుకొచ్చేను. రెండోవాడు మరి రానేలేదు. బొమ్మలు బాగా వేసేవాడమ్మా."

కాలవలో పడవ మీద ఎవరో కొబ్బరికాయలు తీసుకెళుతున్నారు. మాస్టారు అది దాటిపోయేదాకా చూశారు.

"ఆకలేస్తోందా ఎవరికైనా అంటే ఒక్క చెయ్యి లేవదు. తెలివైన పిల్లలైతే అసలు లేవదు. అదే పిరమిడ్ కట్టినవాళ్ళకి ఆకలేసిందా, ఏం తిన్నారు అని అడగండి, అందరూ చెయ్యెత్తుతారు. వాడి ఆకలి మీద పెట్టి వీడు తింటాడు. ఎవరికీ చిన్నతనం ఉండదు. నాలుగువేల ఏళ్ళ కిందట పోయినవాడు, వాడేం అనుకోడు."

"మరి హెచ్చెమ్ గారికైనా చెబుదామండీ."

"ఆయన మంచాయనమ్మా. మంచాయన గనకే పైకి కాయితం పెడతారు. కాయితానికి జాబితా కావాలంటారు. జాబితా అంటే నాకు భయం."

సత్యప్రియ లేచి నిలబడింది. జీవితంలో ఎప్పుడూ ప్రణాళిక లేకుండా ఏ పనీ చెయ్యని మనిషి, ఏ ప్రణాళికా లేకుండా మర్నాడు హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది.

"సార్, ప్రాజెక్టు కుంటుపడింది. కట్టినవాళ్ళ ఆహారం మీద పరిశోధన మధ్యలో ఆపేశాం. అది లేకపోతే ప్రదర్శనలో నిలబడలేమండి."

ప్రభాకరరావు గారు కలం మూత పెట్టారు. "మీరు కూడానా అమ్మా?"

"ఆయ్," అంది సత్యప్రియ. మండపేటలో ఆమె ఆ మాట ఎప్పుడూ అలా అనలేదు.

"మాస్టారి దగ్గర్నుంచి మీకు అంటుకుందా?"

"సైన్సు ప్రకారమే చెబుతున్నానండి. పనికి శక్తి కావాలి. శక్తికి ఆహారం కావాలి. ఆహారం వదిలేసి కట్టడం గురించి చెబితే సమీకరణం కుదరదు."

ఆయన మూత పెట్టిన కలాన్ని బల్ల మీద పెట్టారు. "రోజూ చెయ్యాలా ఆ పరిశోధన?"

"రోజూ అండి. ఒక్కరోజు ఫలితం శాస్త్రీయం కాదండి."

"క్లాసు మొదట్లోనా, చివర్లోనా?"

"మొదట్లోనండి."

"సరే. మాస్టారినీ రమ్మనండి. రొట్టె కాల్చడం మీకు రాదు కదా," అని ఆయన మళ్ళీ కలం తీసుకుని ఏదో రాసుకోవడం మొదలుపెట్టారు.

మర్నాటి నుంచి దిబ్బరొట్టెలు మళ్ళీ వచ్చాయి. ఏడున్నరకి తినడం, ఎనిమిదికి కొలవడం, గీయడం. ఎత్తు, వెడల్పు గళ్ళు కూడా చకచకా నిండాయి. ఇరవై వేల మంది ఇరవై రెండేళ్ళలో ఎన్ని పనిరోజులు చేశారో సాయిశ్రీ లెక్క చెప్పడమే కాదు, వాళ్ళకి ఎన్ని బస్తాల బియ్యం పట్టి ఉంటాయో కూడా చెప్పింది. సత్యప్రియ కాయితం మీద వేసి చూసుకుంది. సరిపోయింది.

అమలాపురం ప్రదర్శనలో యాభై స్కూళ్ళు వచ్చాయి. యాభై స్కూళ్ళలో ముప్ఫై తాజ్ మహళ్ళు ఉన్నాయి. కొన్నిటికి రంగు బల్బులు వెలుగుతున్నాయి, ఒకదాని ముందు యమున నీళ్ళు మోటారుతో పారుతున్నాయి. సూరమ్మపాలెం తాజ్ మహల్‌కి ఒక మీనారు కొద్దిగా పక్కకి ఒరిగినట్టుంది. కాని దాని చుట్టూ మట్టితో చేసిన మనుషులున్నారు. రాళ్ళెత్తేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, ఓ పక్కన పొయ్యిలు, పొయ్యిల దగ్గర గరిటెలతో ఆడవాళ్ళు. చంటిపిల్లకి చెట్టుకొమ్మకి కట్టిన ఉయ్యాల కూడా ఉంది.

న్యాయనిర్ణేతగా వచ్చిన భవానీదేవి గారనే లెక్చరరు ఆగి చూశారు. "ఎవరు కట్టించేరమ్మా దీన్ని?"

"కట్టించినాయన పేరు అన్ని స్టాళ్ళలోనూ రాసేరండి. మేం కట్టినవాళ్ళ గురించి రాసేం," అంది సాయిశ్రీ. అని, ఆకుదొన్నెలో వేడి పులగం పెట్టి అందించింది.

"ఇదెందుకు?"

"రుచి చూడకుండా మార్కులు వేస్తే పుక్కిటి పురాణమండి."

ఆవిడ నిలబడి దొన్నె ఖాళీ చేశారు. ఈలోగా పక్క స్టాళ్ళ పిల్లలు ఒక్కొక్కరే చేరారు. వాళ్ళూ పొద్దున్న అయిదింటికి బస్సులెక్కి వచ్చినవాళ్ళే. అమ్మాజీ తెచ్చిన గంగాళం పదకొండింటికల్లా అడుగంటింది. మొదటి బహుమతి నీళ్ళు పారిన యమునకి వచ్చింది. సూరమ్మపాలేనికి మూడో బహుమతి ఇచ్చారు. పిల్లలు మొదటిది వచ్చినంత సంబరంగా అరిచారు.

తిరుగు బస్సులో మాత్రం సత్యప్రియ మనసు మనసులో లేదు. ముందు సీట్లో కూర్చున్న ప్రభాకరరావు గారు వెనక్కి తిరిగి, ఆమె భయపడుతున్న మాటే అన్నారు.

"ప్రదర్శన అయిపోయింది. సోమవారం పొద్దున్న పిల్లలకి ఏమిటమ్మా?"

"ఇంకా వింతలున్నాయండి. పెట్రా, కొలోసియం..."

"అవి ఎన్నాళ్ళొస్తాయి?"

"ఓ నెలొస్తాయండి."

ప్రభాకరరావు గారు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టారు. "బళ్ళు మూసేది ఏప్రిల్లో. చాలవు. దూరం ఎందుకు, మన గన్నవరం అక్విడెక్టు లేదూ? నది మీంచి కాలవ పారడం వింత కాదూ? అంతర్వేది లైట్‌హౌసు ఉంది. వంతెనలకైతే లెక్కే లేదు. ప్రతి వంతెననీ వింత కిందే రాయండి. నేను సంతకం పెడతాను."

పక్కన కిటికీ దగ్గర సత్తిరాజు మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "మామూలు వంతెన వింతెలా అవుతుందండీ?" అన్నారు అనుమానంగా.

"మాస్టారూ, నేను రోజూ ఏడింటికే బడికొచ్చి గేటు దగ్గర నిలబడతానండి. ఏ పిల్ల ఎలా నడిచొస్తోందో నాకు మాత్రం కళ్ళు లేవా? మీరు జాబితా ఇవ్వలేదని నేనూ అడగలేదు," అని, వెనకాల పిల్లలకి వినపడకుండా ప్రభాకరరావు గారు గొంతు తగ్గించారు. "సోమవారం అక్విడెక్టు పెట్టండి. మా ఆవిడ సున్నుండలు చేసి పంపుతానంది. అక్విడెక్టు కట్టినవాళ్ళు సున్నుండలు తినే ఉంటారు కదండీ?"

సత్తిరాజు మాస్టారు తొందరపడి జవాబు చెప్పలేదు. చరిత్ర విషయంలో ఆయన ఎప్పుడూ తొందరపడరు. వైనతేయ నది మీద అంత బరువు నిలబెట్టినవాళ్ళని మనసులో ఒకసారి తలుచుకుని, నిదానంగా తలూపారు.

"తినే ఉంటారండి. తలా రెండు."